రెండడుగుల ట్యాంకులో నాచు లెక్క

మొక్కలు వేసిన అక్వేరియం కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే మళ్లీ షాపు మెట్లెక్కుతారు. అద్దం మీద గోధుమరంగు పొర, ఆకుల అంచుల వెంట నల్లటి బొచ్చు, లేదంటే నీళ్లే పచ్చగా. షాపతను ఒక బాటిల్ ఇస్తాడు. పది రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఈసారి నాచు తినే చేపని ఇస్తాడు. అదీ అయ్యాక, నెలకోసారి ఓ కుర్రాణ్ని పిలిపించి ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి ఇసుక, రాళ్లు, ఫిల్టరు అన్నీ కుళాయి కింద కడిగించడం మొదలవుతుంది. ఈ మూడూ చేసినా నాచు ఎందుకు పోదో అర్థం కావాలంటే నీళ్ల లోపల మొక్కకీ నాచుకీ మధ్య నడిచే పోటీ సంగతి తెలియాలి.

లెక్క కోసం ఒక మామూలు ట్యాంకు తీసుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపితే 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నికరంగా 45 లీటర్ల నీళ్లు. చిన్నది కదా, పని తక్కువ అనుకుంటారు గానీ పెద్ద ట్యాంకు కన్నా చిన్నదే మొండిది. రాళ్ల వెనక ఒక చేప చచ్చిపోయినా, మేత కాస్త ఎక్కువ పడినా, ఏప్రిల్ ఎండకి రెండు లీటర్లు ఆవిరైనా 300 లీటర్ల ట్యాంకులో పెద్దగా తెలియదు. 45 లీటర్లలో మర్నాటికే తెలుస్తుంది. ఈ ఎగుడుదిగుళ్లే నాచుకి కలిసొస్తాయి. కొత్త పరిస్థితికి తగ్గట్టు ఆకులు మార్చుకోవడానికి మొక్కకి వారాలు పడుతుంది, నాచుకి రోజులు చాలు.

పస్తులు పెడితే ముందు పోయేది మొక్కే

నాచుని అసలు ట్యాంకులోకి రాకుండా ఆపడం అయ్యే పని కాదు. దాని స్పోర్లు కొత్తగా తెచ్చిన మొక్క వేళ్లలో ఉంటాయి, చేప వచ్చిన కవరు నీళ్లలో ఉంటాయి, గాలిలో కూడా ఉంటాయి. తళతళలాడే ట్యాంకులోనూ నాచు ఉంటుంది, కంటికి ఆనేంత ఉండదు, అంతే.

రాకుండా ఆపలేం కాబట్టి తిండి ఆపేద్దాం అన్నది చాలామందికి తట్టే రెండో ఆలోచన. నైట్రేటు, ఫాస్ఫేటు లేకుండా చేస్తే నాచు దానంతటదే పోతుందని. ఈ ఆలోచనకి ఒక చరిత్ర ఉంది. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు అక్వేరియం ప్రియులు తాము చేసిన ప్రయోగాల్ని రాసి ఇంటర్నెట్లో పెట్టారు. మొక్కలకి నైట్రేటు, పొటాషియం, ఇనుము అన్నీ ఇచ్చి, ఫాస్ఫేటు ఒక్కదాన్ని మాత్రం కొరతలో ఉంచితే నాచు వెనకబడుతుందన్నది వాళ్ల సూత్రం. కొన్నాళ్లు అదే వేదవాక్కు. తర్వాత అమెరికాలో టామ్ బార్ అనే ఆయన దాన్ని తిరగేసి చూశాడు. నిండా మొక్కలుండి, కార్బన్ డయాక్సైడ్ సరిపడా అందుతున్న ట్యాంకులో కావాలనే ఫాస్ఫేటు వేశాడు. ఆ సూత్రం ప్రకారం నాచు విరగబడాలి. విరగబడలేదు, మొక్కలే ఇంకా బాగా పెరిగాయి. ఎరువు ధారాళంగా వేసి వారానికోసారి సగం నీళ్లు మార్చే ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతి అక్కణ్నుంచే వచ్చింది.

ఎందుకలా జరిగిందో నాచు ఒంటి తీరు చూస్తే తెలుస్తుంది. చాలా రకాల నాచు ఒక్క కణమో, కణాల వరసతో అల్లిన దారమో. వేరు, కాండం, ఆకు అనే ఖర్చు లేదు. ఒళ్లంతా నీళ్లకి తగిలే ఉంటుంది. టెస్ట్ కిట్ సున్నా చూపించే నీళ్లలోంచి కూడా దానికి కావలసినంత పీల్చుకుంటుంది. కాబట్టి నైట్రేటు, ఫాస్ఫేటు పూర్తిగా పిండేసిన ట్యాంకులో ముందు ఆగిపోయేది మొక్క. ఆగిన మొక్క పాత ఆకుల్లోని సరుకు లాగి కొత్త చిగురుకి పంపుతుంది, పాత ఆకు పసుపెక్కి కుళ్లడం మొదలవుతుంది. నల్లబొచ్చు ముందు పట్టేది సరిగ్గా ఆ ఆకునే. మాడ్చి చంపుదామనుకున్న నాచుకి మనమే ఇల్లు కట్టిచ్చినట్టయింది.

లైటు ముందు, మిగతావి తర్వాత

పెళ్లికి ఎంతమందిని పిలిచామో దాన్ని బట్టే బియ్యం, కూరలు, వడ్డించే మనుషులు. ట్యాంకులో ఆ పిలుపుల సంఖ్య లైటు. ఎంత కాంతి పడితే మొక్క అంత వేగంగా పెరగాలని చూస్తుంది, అంత కార్బన్, అంత నైట్రోజన్, అంత పొటాషియం అడుగుతుంది. అందులో ఏ ఒక్కటి తక్కువైనా మొక్క ఆగిపోతుంది, పడే కాంతి మాత్రం ఆగదు. మిగిలిపోయిన ఆ కాంతిని నాచు వాడుకుంటుంది. నా దృష్టిలో ట్యాంకుల్లో నాచు గొడవలు చాలావరకు లైటు ఎక్కువై వచ్చినవే. జనం మాత్రం లైటు తప్ప అన్నీ మార్చి చూస్తారు.

లైటుకి తగ్గట్టు అందనిదేంటంటే, ముఖ్యంగా కార్బన్. మొక్క పొడిబరువులో దాదాపు 40 శాతం కార్బనే. నేలమీది మొక్కకి గాలి చుట్టూ కదులుతూ కార్బన్ డయాక్సైడ్ తెచ్చిపెడుతుంది. నీళ్లలో ఆ వాయువు పాకే వేగం గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. గాలితో సమతూకంలో ఉన్న నీళ్లలో లీటరుకి అర మిల్లీగ్రాముకి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. సిలిండర్ పెట్టి గ్యాస్ ఎక్కించేవాళ్లు లీటరుకి 30 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు. అంటే దాదాపు 50 రెట్ల తేడా. ఫొటోల్లో కనిపించే ఎర్రటి రొటాలా గుబుర్లు, పచ్చిక పరిచినట్టు నేలంతా అల్లుకున్న మొక్కలు ఆ 30 మిల్లీగ్రాముల ట్యాంకులవి. ఆ ఫొటో చూసి అదే లైటు కొని, సిలిండర్ లేకుండా ఎనిమిది పది గంటలు వెలిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి దారులు రెండే. తక్కువ లైటు, గ్యాస్ లేకుండా, నెమ్మదిగా పెరిగే మొక్కలు: అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా, మన చెరువు గట్ల మీద ముళ్లతో పెరిగే నీటిగొబ్బికి దగ్గర చుట్టమైన హైగ్రోఫిలా పాలిస్పెర్మా, ఆయుర్వేదంలో బ్రాహ్మిగా వాడే బకోపా. లేదంటే ఎక్కువ లైటు, సిలిండర్, వారంవారం ఎరువు, వారంవారం కత్తిరింపు. మధ్యలో ఉండేది నాచు రాజ్యం. మొదటి ట్యాంకుకి మొదటి దారే మంచిదని నేను గట్టిగా చెప్తాను. రెండోది డబ్బు కన్నా శ్రద్ధ ఎక్కువ అడుగుతుంది.

లైటు తగ్గించడానికి కొత్తది కొనక్కర్లేదు. టైమర్ వందల్లోనే దొరుకుతుంది. రోజుకి ఆరు గంటలు చాలు, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా పెట్టుకుంటే ఇంటికొచ్చే వేళకి ట్యాంకు వెలుగుతూ ఉంటుంది. డిమ్మర్ లేని లైటైతే స్టాండు మీద అరడుగు పైకి లేపండి, లేదా సాల్వీనియా, అంతరతామర లాంటి తేలే మొక్కలతో పైభాగం సగం కప్పండి. తేలే మొక్కలకి ఇంకో సుగుణం ఉంది. వాటి ఆకులు గాలిలో ఉంటాయి కాబట్టి కార్బన్ కొరత వాటికి లేదు. నీళ్లలోని అమ్మోనియా, నైట్రేటు మాత్రం వేళ్లతో గబగబా లాగేస్తాయి. గ్యాస్ లేని ట్యాంకులో నాచుకి ఇంతకన్నా గట్టి పోటీదారు లేదు. వారానికోసారి గుప్పెడు తీసేయకపోతే మొత్తం కప్పేస్తాయి, అదొక్కటే ఇబ్బంది.

ఇక కిటికీ. అక్వేరియం ఈశాన్యంలోనో తూర్పునో పెట్టమని వాస్తు చెప్పేవాళ్లంటారు. తూర్పు గోడకి కిటికీ ఉంటే పొద్దున్న రెండు గంటలు ఎండ సూటిగా ట్యాంకు మీద పడుతుంది. నేరుగా పడే ఎండ ముందు ఏ ఎల్‌ఈడీ అయినా దిగదుడుపే. వాస్తుతో తగవు పెట్టుకోనక్కర్లేదు, మందంగా ఉన్న కర్టెన్ వేస్తే చాలు.

చిటికెడు మేతలో ఎంత ఉంది

లైటు తర్వాత నాచుకి బాగా అచ్చొచ్చేది అమ్మోనియా. నైట్రేటు, అమ్మోనియా రెండూ నైట్రోజనే అయినా, వాడుకోవడానికి అమ్మోనియా తేలిక. మొక్కలకీ అదే ఇష్టం, నాచుకీ అదే ఇష్టం. ట్యాంకులోకి అది ఎక్కువగా వచ్చేది మేత డబ్బాలోంచి.

లెక్క చూడండి. మామూలు చేపమేతలో ప్రోటీన్ సుమారు 40 శాతం. ప్రోటీన్లో 16 శాతం నైట్రోజన్. ఒక గ్రాము మేతలో 64 మిల్లీగ్రాముల నైట్రోజన్ అన్నమాట. అదంతా చివరికి అమ్మోనియా అయితే 45 లీటర్లలో లీటరుకి 1.7 మిల్లీగ్రాములు. కొంత చేప ఒంట్లో కండగా నిలుస్తుంది, మిగతాది మొప్పల ద్వారా, పెంట ద్వారా, తినకుండా మిగిలిన మేత కుళ్లడం ద్వారా నీళ్లలోకి వస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు సరదాగా తలా ఒక చిటికెడు వేస్తే గ్రాము ఎంతసేపు? భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. మేత ఎక్కువైతే చెరువు చిక్కటి పచ్చగా మారడం, ఆ పచ్చదనమంతా రాత్రిపూట ఆక్సిజన్ పీల్చేసి తెల్లవారుజామున చేపలు పైకి తేలడం, ఏరేటర్లు వేయడం వాళ్లకి రోజూ ఉన్నదే. ఇంట్లో ట్యాంకుదీ అదే రసాయనం, కొలతే చిన్నది. చేపలకి రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత వేస్తే చాలు. వారంలో ఒకరోజు అసలు వేయకపోయినా వాటికేం కాదు.

ఈ అమ్మోనియాని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో, రాళ్ల మీద పొరలా పెరుగుతుంది. కొత్త ట్యాంకులో అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడో వారంలో నాచు రావడానికి కారణం ఇదే: వేళ్లు పట్టని మొక్కలు, తయారవ్వని బ్యాక్టీరియా, ఫుల్ లైటు. నెలకోసారి అన్నీ కుళాయి కింద కడిగితే క్లోరిన్ నీళ్లకి ఆ పొర చచ్చి, ట్యాంకు మళ్లీ మొదటి వారానికి వెళ్తుంది. శుభ్రం చేసినకొద్దీ నాచు ఎక్కువవుతోందని బాధపడేవాళ్ల కథ ఇది. స్పాంజిని, ట్యాంకులోంచి తీసిన నీళ్లు బకెట్లో పోసి అందులో పిండితే సరిపోతుంది. కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్లలో మూతపెట్టిన ఫిల్టరు లోపల ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా దెబ్బతింటుంది. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి దానికి ఆ భయం తక్కువ.

కుండీ మట్టి, వర్మికంపోస్ట్ అడుగున వేసి పైన ఇసుక పరిచే పద్ధతి మన దగ్గర బాగా నడుస్తోంది. చవక, మొక్కలు బాగా పెరుగుతాయి కూడా. కానీ వర్మికంపోస్ట్ రెండు పిడికిళ్లు దాటితే వారాలపాటు అమ్మోనియా కారుతూనే ఉంటుంది. పైన కనీసం అంగుళం మందం ఇసుక, మొదటి నెల రెండు మూడు రోజులకోసారి నీళ్ల మార్పు తప్పవు. వేర్లతో పీకి మొక్కలు మార్చే అలవాటున్నవాళ్లు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

ఎరువుల కొట్టులో దొరికేదే

అక్వేరియం ఎరువుల బాటిళ్లలో ఉండే సరుకు చాలావరకు డ్రిప్ రైతులు వాడేదే. 13-0-45 అని అమ్మేది పొటాషియం నైట్రేటు. దాని ఒక గ్రాము 45 లీటర్లలో నైట్రేటుని లీటరుకి సుమారు 13 మిల్లీగ్రాములు పెంచుతుంది. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేటు. అది గ్రాములో పదో వంతు వేస్తేనే ఫాస్ఫేటు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు పెరుగుతుంది. చేత్తో చిటికెడు తీసి వేసే వస్తువు కాదు, లీటరు నీళ్లలో కొలిచి కలిపి అందులోంచి సిరంజితో తీసుకోవాలి. 19-19-19 మాత్రం ముట్టుకోవద్దు. అందులో నైట్రోజన్ ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియా రూపంలో ఉంటుంది. డీఏపీ, యూరియా సంగతి సరేసరి.

గ్యాస్ లేని, చేపలున్న ట్యాంకులో నైట్రేటు, ఫాస్ఫేటు మేత నుంచే చాలావరకు వచ్చేస్తాయి. కొరత పడేవి పొటాషియం, ఇనుము. పాత ఆకుల్లో సూది గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాషియం చాలట్లేదని, కొత్త చిగురు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది తెల్లబడితే ఇనుము చాలట్లేదని సాధారణంగా అనుకోవచ్చు. బోరు నీళ్లలో పీహెచ్ 7 పైనే ఉంటుంది. అక్కడ ఈడీటీఏ రూపంలో ఉన్న ఇనుము నిలవదు, డీటీపీఏ రూపంలోది తీసుకోవాలి. ప్యాకెట్ మీద రాసి ఉంటుంది.

వేసిన ఎరువు పేరుకుపోతుందేమో అని టెన్షన్ అక్కర్లేదు. వారానికి సగం నీళ్లు మారుస్తుంటే, మొక్కలు ఒక్క చుక్క కూడా వాడకపోయినా, ఏదైనా సరే వారం మోతాదుకి రెండింతలు మించి పెరగదు. 30 శాతం మారిస్తే మూడింతల పైచిలుకు దగ్గర ఆగుతుంది. మొక్కల ట్యాంకులో టెస్ట్ కిట్ల కన్నా బకెట్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

బోరు నీళ్లతో ఇంకో చిక్కుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు అక్కడే ఉంటాయి. ఎండాకాలంలో వారానికి నాలుగు లీటర్లు తగ్గి, ఆ లోటు 400 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లతో పూడిస్తే వారానికి 35 చొప్పున టీడీఎస్ పెరుగుతుంది. రెండు నెలల్లో 280. పైన లోటు పూడ్చడానికి ఆర్వో నీళ్లు, మార్చేటప్పుడు మామూలు నీళ్లు వాడితే ఈ బాధ లేదు. మున్సిపల్ నీళ్లైతే బకెట్లో ఒక రోజు నిలవ ఉంచినా, హైపో (సోడియం థయోసల్ఫేటు) పలుకులు వేసినా క్లోరిన్ పోతుంది.

ఏ నాచు ఏం చెబుతోంది

కొత్త ట్యాంకులో అద్దానికి, ఆకులకి పట్టే గోధుమరంగు పొర డయాటమ్‌లది. వేలితో తుడిస్తే వచ్చేస్తుంది. దానికి ఏమీ చేయకండి, నెలన్నరలో దానంతటదే పోతుంది. అద్దం మీద గట్టిగా అతుక్కునే పచ్చ చుక్కలు లైటు ఎక్కువైందనో, ఫాస్ఫేటు మరీ తగ్గిందనో చెబుతాయి. పాత డెబిట్ కార్డుతో గీకేయొచ్చు. దారాల్లా పెరిగేదాన్ని టూత్‌బ్రష్‌కి చుట్టి లాగి, లైటు గంట తగ్గించండి. నీళ్లే పచ్చబడితే ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు, మిగిలిన కణాలు ఒకట్రెండు రోజుల్లో మళ్లీ పెరుగుతాయి. మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పి పూర్తి చీకటి చేయాలి, లేదా చిన్న యూవీ ఫిల్టరు నడపాలి. చీకట్లో మొక్కలు నిల్వల మీద బతుకుతాయి. గాలి పంపు మాత్రం ఆపకూడదు, చచ్చే నాచు ఆక్సిజన్ లాగేస్తుంది. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకి 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 32 డిగ్రీల దగ్గర 7.3 మాత్రమే పడుతుంది. మే నెలలో ఈ చీకటి వైద్యం జాగ్రత్తగా చేయాలి.

నల్లబొచ్చు వేరే రకం. చూడటానికి నల్లగా, ముదురు బూడిదరంగులో ఉన్నా అది ఎర్రనాచు కుటుంబానిది. స్పిరిట్లో ముంచితే ఎర్రబడుతుంది. అనూబియాస్ ఆకుల అంచుల మీద, ఫిల్టరు నోటి దగ్గర, చెక్క మీద పట్టుకుని గీకినా రాదు. రోజుకో తీరుగా మారే కార్బన్ డయాక్సైడ్, పేరుకున్న చెత్త దీనికి బాగా కలిసొస్తాయి. పంచదార, ఈస్ట్ సీసా పెట్టి గ్యాస్ చేసే ఇళ్లల్లో ఇది ఎక్కువ. ఆ సీసా మొదటి రోజుల్లో బుడగలు జోరుగా వదిలి, వారం తిరిగేసరికి చల్లబడుతుంది. నిమ్మ ఉప్పు, వంట సోడాతో వాల్వ్ పెట్టి చేసేది కాస్త నయం, బుడగల వేగాన్ని తిప్పి ఆపుకోవచ్చు. ఏదైనా సరే గ్యాస్ లైటుకి గంట ముందు మొదలై లైటుతోపాటు ఆగాలి, రాత్రంతా వదిలితే చేపలకి ఊపిరాడదు. కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో రంగుతో చెప్పే డ్రాప్ చెక్కర్‌ని లోపల వేలాడదీస్తారు. అది ఆకుపచ్చగా ఉంటే లీటరుకి 30 మిల్లీగ్రాముల దగ్గర ఉన్నట్టు, పసుపైతే ఎక్కువ, నీలమైతే తక్కువ.

పట్టేసిన నల్లబొచ్చుని తీయాలంటే బాగా పట్టిన ఆకుల్ని కత్తిరించి పారేయడమే మంచిది, ఆ ఆకులు మళ్లీ కోలుకోవు. చెక్కకి, రాళ్లకి పట్టినదానికి మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. ఫిల్టరు ఆపి, సిరంజితో దాని మీదే నెమ్మదిగా వదిలి, పది నిమిషాల తర్వాత ఫిల్టరు వేయాలి. మొత్తం కలిపి పది లీటర్లకి మూడు నాలుగు మిల్లీలీటర్లు దాటకూడదు. రెండు మూడు రోజుల్లో బొచ్చు గులాబీ రంగుకి తిరిగితే చచ్చినట్టే, రొయ్యలు తినేస్తాయి.

నీలిపచ్చ పొరలా ఇసుక మీద పరుచుకుని, దుప్పటి లాగినట్టు ఊడొచ్చి, మట్టివాసన కొట్టేది నిజానికి నాచు కాదు, సయనోబాక్టీరియా. మురుగు చేరిన చెరువులు ఆకుపచ్చ పెయింటు పోసినట్టు మారేదీ చాలాచోట్ల ఈ జాతివల్లే. ట్యాంకులో ఇది నీళ్లు కదలని మూలల్లో, నైట్రేటు అడుగంటినప్పుడు వస్తుంది. పైపుతో లాగేసి, మూడు రోజులు చీకటి చేసి, తర్వాత 13-0-45 కొంచెం వేసి, ఫిల్టరు నోరు ఆ మూలకి తిప్పితే చాలావరకు పోతుంది. బ్యాక్టీరియా కాబట్టి ఎరిత్రోమైసిన్ వేస్తే రెండు రోజుల్లో మాయమవుతుందని చెప్పేవాళ్లున్నారు. మాయమవుతుంది, నిజమే. ట్యాంకు శుభ్రం కోసం యాంటీబయాటిక్‌ని బకెట్ల లెక్కన డ్రైనేజీలో పోయడం నాకు మాత్రం సబబుగా అనిపించదు.

బాటిళ్లు, నాచు తినే జీవాలు

నాచు మందుల బాటిళ్లలో కొన్ని రాగి లవణాలతో పనిచేస్తాయి. రాగి నాచుతోపాటు రొయ్యల్ని, నత్తల్ని కూడా చంపుతుంది. లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటిది గ్లూటరాల్డిహైడ్, ఆసుపత్రుల్లో పరికరాలు శుభ్రం చేసే రసాయనమే పలచగా చేసింది. నల్లబొచ్చు మీద పనిచేస్తుంది గానీ వాలిస్నేరియా కరిగిపోతుంది, చేతికి గ్లవుజు లేకుండా ముట్టుకోకూడదు. కారణం పోనంతవరకు ఏ బాటిలైనా పది రోజుల ముచ్చటే.

జీవాల విషయానికొస్తే, జపాన్‌కి చెందిన తకాషి అమానో (1954–2015) తన మొక్కల ట్యాంకుల్లో నాచు కోసం గుంపులుగా వదిలిన రొయ్య ఇప్పుడు ఆయన పేరుతోనే అమానో ష్రింప్‌గా అమ్ముడవుతోంది. దారం నాచుని అంత శ్రద్ధగా తినే జీవి ఇంకోటి లేదు. దాని పిల్లలకి ఉప్పునీళ్లు కావాలి కాబట్టి ట్యాంకులో సంతతి పెరగదు. చెర్రీ ష్రింప్ మంచినీళ్లలోనే పెరుగుతుంది, చిన్న ట్యాంకుకి అదే నయం. నెరైట్ నత్తలు అద్దం మీద పచ్చ చుక్కల్ని కూడా గీకుతాయి. సయామీస్ ఆల్గే ఈటర్ నల్లబొచ్చు తింటుంది గానీ అరడుగు దాకా పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకు దానికి ఇరుకు. దాని పేరు చెప్పి చైనీస్ ఆల్గే ఈటర్ అంటగట్టడం మామూలే. అది పెద్దయ్యాక నాచు మానేసి తోటి చేపల ఒంటి మీది జిగురు పీలుస్తుంది.

వీటన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యేది ట్యాంక్ క్లీనర్ అనే సక్కర్ చేప. షాపులో రెండంగుళాలుంటుంది. దక్షిణ అమెరికా నదుల చేప, అడుగుపైనే పెరుగుతుంది. అది తినే నాచు కన్నా వేసే పెంట ఎక్కువ. 45 లీటర్లలో అమ్మోనియా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పెరిగాక ఏం చేయాలో తెలియక చెరువులో వదిలేస్తారు, పాపం బతుకుతుందిలే అని. అది బాగానే బతుకుతుంది. ఒంటినిండా పెంకు, ముళ్లు ఉన్న ఆ చేప జాలర్ల వలలు చింపేస్తూ మన నదుల్లో, చెరువుల్లో విస్తరిస్తోంది. డెవిల్ ఫిష్ అని వార్తల్లో చదివేది దాన్నే. నీళ్లలో కలిసిన డీఎన్‌ఏ జాడల్ని బట్టి అది తూర్పు కనుమల జలాశయాల్లో ఎక్కడెక్కడ ఉందో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు గుర్తించారు.

ఇప్పటికే ఇంట్లో అలాంటిది ఉంటే, పెద్ద ట్యాంకున్నవాళ్లకో, కొన్న షాపుకో తిరిగి ఇచ్చేయండి. కత్తిరించిన మొక్కలదీ అంతే. మన దేశపు మొక్కే అయిన హైగ్రోఫిలా పాలిస్పెర్మా అక్వేరియంల మీదుగా అమెరికాలోని ఫ్లోరిడా కాలువల్లో పడి అక్కడ కలుపుగా మారింది. మన చెరువుల్ని గుర్రపుడెక్క ఏం చేసిందో కళ్లముందే ఉంది. కత్తిరింపుల్ని సింకులోనో కాలువలోనో వేయకుండా మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి పూలకుండీలో కలిపేస్తే పోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లు కూడా అదే కుండీకి పోయొచ్చు, అందులో నైట్రేటు ఉంటుంది.